జాడీ పగిలిన ఊరు

నా చిన్నప్పుడు మా గల్లీ మొత్తంలో ఊరు లేని పిల్లను నేనొక్కదాన్నే. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, దుకాణాల వెనకవైపు ఉండేది మా గల్లీ. బట్టల కొట్లలో గుమాస్తాలు, బడిపంతుళ్లు, చిన్నాచితకా వ్యాపారాలు చేసుకునేవాళ్లు అక్కడ కిరాయికి ఉండేవాళ్లు. ఏడాది పొడుగునా పిల్లలమంతా ఒకటే మంద. ఎండాకాలం సెలవులు ఇవ్వగానే మాత్రం ఒక్కో ఇంటి ముందు ఒక్కో రిక్షా ఆగేది. ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, మరచెంబు ఎక్కేవి. వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న పిల్లలు “మా ఊరికి పోతున్నం” అని నాకు చెయ్యి ఊపుకుంటూ మలుపు తిరిగిపోయేవాళ్లు. వారం గడిచేసరికి గల్లీలో నేనూ, పాలవాడి మేకలూ మిగిలేవాళ్లం.

జూన్‌లో తిరిగొచ్చాక వాళ్ల గొప్పలు ఇన్నీ అన్నీ కావు. మా ఊళ్లో బావిలో ఈత కొట్టినం, మా ఊళ్లో ముంజలు తిన్నం, మా ఊళ్లో దూడకు పేరు పెట్టినం. ఎదురింటి పిల్ల నా క్లాసే, నా బెంచే. వాళ్లది సూర్యాపేట దగ్గర ఒక పల్లె. వచ్చేటప్పుడు నాకోసం ఈతపండ్లు మూట కట్టుకొచ్చేది. పెట్టేది, పెడుతూనే అడిగేది.

“మీ ఊరేది?”

“ఇదే.”

“ఇది ఊరెట్లయితది? ఇది పట్నం. ఊరు వేరే ఉంటది.”

ఆ మాట దాని సొంతం కాదు, పెద్దవాళ్ల దగ్గర నేర్చుకున్నదే. ఒకరోజు వాళ్లింటి అరుగు మీద కూర్చుని నేను తెచ్చుకున్న జొన్నరొట్టె, ఆవకాయ తింటున్నాను. వాళ్ల నానమ్మ నా చేతిలోకి తొంగిచూసింది. “రొట్టె తింటరు గని ఆవకాయ పెట్టుకొని తింటరు. ఊరు అడిగితె చెప్పరు. ఎటోళ్లో ఏమో” అంది. ఆవిడ మనసులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. ఆ తర్వాత నాకు మజ్జిగ కూడా ఇచ్చింది. కానీ ఆ “ఎటోళ్లో ఏమో” నాకు గుచ్చుకుంది. నాకసలే కోపం ముక్కు మీద ఉండేది. మజ్జిగ తాగకుండా లేచి ఇంటికి వచ్చేశాను.

అమ్మను అడిగితే “మీ తాతనడుగు” అని పప్పు ఎసట్లో పోసుకుంటూ కూర్చుంది. నాన్న పొద్దున దుకాణానికి పోతే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఆయన్ను అడిగేంత ధైర్యం నాకు లేదు. మిగిలింది మా తాతయ్య. నాన్నకు నాన్న. ఆబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో ఏళ్ల తరబడి గజాలు కొలిచి ఇంటిపట్టున కూర్చున్న మనిషి. అలవాటు పోక తలుపుల్నీ, మంచాలనీ, ఒక్కోసారి నన్నూ మూరలు వేసి కొలుస్తుండేవాడు. ఆయన ఏ విషయాన్నీ సూటిగా చెప్పి ఎరగడు. నా ఏడుపంతా విని, మీసాల కింద నవ్వుకుని అన్నాడు.

“నీకు ఊరు లేదన్నదెవరు? ఉంది. తీసుకపోతా.”

“ఎట్లుంటది తాతా? బావి ఉంటదా?”

“చెప్తె తెల్వది బిడ్డా. దిగితెనే తెలుస్తది.”

ఆ మాట ఆయన వేసవి మొదట్లో అన్నాడు. కొత్త ఆవకాయ పెట్టి, అది ఊరాక జాడీకి కట్టిన బట్ట విప్పేదాకా ఆగమన్నాడు. ఊరికి పోవడానికీ ఆవకాయకూ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. అయినా ఆగాను. ఈలోపు గల్లీలో మిగిలిన ప్రతి ప్రాణికీ, మేకలతో సహా, నేను మా ఊరికి పోతున్నానని చెప్పాను. ఎదురింటి పిల్ల ఆ ఏడు ఇంకా బయల్దేరలేదు. దానికైతే రోజుకొకసారి చెప్పాను.

ఆ రోజు పొద్దున్నే అమ్మ నాకు తలంటి, పట్టు లంగా కట్టి, రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు వేసింది. వేస్తున్నంతసేపూ పెదవి కొరుక్కుంటూనే ఉంది. నన్ను పంపలేక బాధపడుతోందనుకున్నాను గాని, నవ్వాపుకుంటోందని నాకేం తెలుసు! ఊరి నుంచి ఈతపండ్లు తేవడానికి ఖాళీ సంచి ఒకటి మడిచి పట్టుకున్నాను. తాతయ్య తెల్ల ధోవతి కట్టి, నల్లటోపీ పెట్టి, టిఫిన్ డబ్బా, మరచెంబు అందుకున్నాడు. గడప దాటుతూ, మెట్టు పక్కనున్న పుదీనాకు చెంబులోంచి కాసిన్ని నీళ్లు పోశాడు. ఆ పుదీనా పెరిగేది ఒక విరిగిన జాడీలో. మూతి లేదు, భుజాలు లేవు, అడుగు సగం మాత్రం ఉంది. అమ్మ దాన్ని పారేస్తానని ఏటా అనేది, తాతయ్య ఏటా వద్దనేవాడు. పాత సామాను మీద ముసలివాళ్లకుండే పిచ్చి అనుకునేదాన్ని.

స్టేషన్ మా గల్లీ చివర నుంచి కనిపిస్తుంది. కానీ తాతయ్య అటు నడవలేదు. ఆబిడ్స్ చౌరస్తాలో డబుల్ డెక్కర్ బస్సు ఎక్కించి సికింద్రాబాద్ తీసుకుపోయాడు. “మన రైలు గాడ ఎక్కాలె” అన్నాడు. నేను నమ్మాను. బస్సు పైఅంతస్తులో ముందు సీటు దొరికితే పదేళ్ల పిల్ల ఏదైనా నమ్ముతుంది.

సికింద్రాబాద్‌లో చాలాసేపు కూర్చున్నాక కాజీపేట దిక్కు నుంచి ఒక పాసింజరు వచ్చింది. నిండు గర్భిణిలా ఉంది. తాతయ్య నన్ను కిటికీలోంచి లోపలికి దింపి, తను తలుపులోంచి తోసుకుంటూ వచ్చాడు. కిటికీ పక్క చోటు దొరికింది. రైలు కదిలింది. నా ఎదురుగా ఉన్న పెద్దమనిషి యేడికి పోతున్నవని అడిగితే “మా ఊరికి” అన్నాను. ఆ రెండు మాటలూ నా నోట్లో బెల్లం ముక్కల్లా ఉన్నాయి. పెద్దమనిషి తాతయ్య వంక చూశాడు. తాతయ్య ఆయనకు కన్ను గీటడం నేను చూడలేదు. తర్వాత తాతయ్యే చెప్పాడు.

కాసేపటికి పెద్ద చెరువు ఒకటి వచ్చింది. అవతలి గట్టు కనపడనంత నీళ్లు. “మన ఊరి చెరువా తాతా?” అంటే “మన ఊరికి పోయేతోవల చెరువే” అన్నాడు. ట్యాంక్‌బండ్ మీద నుంచి ఎన్నోసార్లు చూసిన హుస్సేన్‌సాగర్‌ను వెనక నుంచి చూసి నేను ఆనవాలు పట్టలేదు. ఖైరతాబాద్ బోర్డు వచ్చే వేళకు ఆయన నా గడ్డం పట్టుకుని లోపలికి తిప్పి, కంట్లో బొగ్గు నలుసు పడిందన్నాడు. పడలేదన్నాను. పడిందన్నాడు. ధోవతి చెంగు ముద్దచేసి, నోటితో వేడిగా ఊది, నా కళ్లకు అద్దుతూ కూర్చున్నాడు. అద్దుతుంటే రైలు ఆగింది, మళ్లీ కదిలింది. ఇంకాసేపటికి వేగం తగ్గింది. అందరూ సామాన్లు దించుకుంటున్నారు. అప్పుడు చెంగు తీసి అన్నాడు.

“దిగు బిడ్డా. మన ఊరొచ్చింది.”

ఖాళీ సంచి చంకలో పెట్టుకుని తలుపు దగ్గరికి పరుగెత్తాను. దిగాను. చూశాను. బోర్డు మీద ఇంతింత అక్షరాలతో హైదరాబాద్ అని ఉంది. మా నాంపల్లి స్టేషన్. బయటికి పోయి నాలుగు అడుగులు వేస్తే మా గల్లీ.

నేను ఏడ్చిన ఏడుపు ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆనాడు గుండె పగిలినంత పని అయింది. సంచి నేలకేసి కొట్టాను. అబద్ధాలకోరువన్నాను. ఎదురింటి పిల్లకు మొహం ఎట్లా చూపించాలి? మేకలకైనా ఎట్లా చూపించాలి? తాతయ్య నన్ను ఓదార్చలేదు, కసరలేదు. ప్లాట్‌ఫారం చివర, స్తంభం పక్కన, జనం పలచబడిన చోట కింద తుండుగుడ్డ పరిచి కూర్చున్నాడు. నా ఏడుపు వెక్కిళ్ల దాకా వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని ఒక మాట అడిగాడు.

“గిప్పుడు నీకు గీ పట్నంల ఎవ్వలూ ఎరుకలేరనుకో. గల్లీల ఇల్లు లేదు, అమ్మ లేదు, నేను లేను. రైలు దిగినవ్. యేడికి పోతవ్?”

కళ్లు తుడుచుకుని చూశాను. అదే స్టేషన్. అవే స్తంభాలు. కానీ ఆ మాట విన్నాక అదంతా చూస్తుండగానే పెద్దదైపోయింది. మనుషులు నన్ను తోసుకుంటూ పోతున్నారు, ఒక్కరూ నా వైపు చూడటం లేదు. బయట టాంగావాళ్లు అరుస్తున్నారు, ఆ అరుపులో ఒక్క ముక్క నాకోసం కాదు. నాకు నిజంగా భయం వేసింది. తాతయ్య ధోవతి అంచు పట్టుకున్నాను. అప్పుడు చెప్పాడు.

ఆయన తండ్రి పుట్టింది బందరు దగ్గర ఒక పల్లెలో. మగ్గం పని. మీసాలు రాని వయసులోనే మగ్గం ఆగిపోయి, ఇంట్లో గింజల్లేక, హైదరాబాద్‌లో పని ఇప్పిస్తానన్న ఎవరిదో మాట పట్టుకుని బెజవాడలో రైలెక్కాడు. తల్లి ఇవ్వగలిగింది ఒక్కటే. ఆ ఏటి కొత్త ఆవకాయ, జాడీ నిండా పెట్టి, మూతికి గుడ్డ కట్టి, “ఇది ఉంటే అన్నం ఎక్కడైనా దొరుకుతుంది నాయనా” అని చేతికిచ్చింది. దారి పొడుగునా ఆయన ఆ జాడీని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకునే వచ్చాడు. ఇదే స్టేషన్‌లో దిగాడు. దిగుతుంటే వెనక నుంచి ఎవరి పెట్టో తగిలింది. జాడీ జారింది. మూతి, భుజాలు ముక్కలై, నూనె, పిండి ఎర్రగా ప్లాట్‌ఫారం మీద పారాయి. అడుగు సగం మాత్రం నిలబడింది. పని ఇప్పిస్తానన్న మనిషి రాలేదు. ఎంతసేపు చూసినా రాలేదు. జనం ముక్కులు మూసుకుని, ఆ ఎర్రటి మడుగు తొక్కకుండా చుట్టూ తిరిగి పోతున్నారు. ఆయన ఆ సగం జాడీ పక్కన చతికిలబడి, వాళ్లమ్మ పోయినట్టే ఏడ్చాడు.

కొంచెం అవతల ఇంకొక కుటుంబం మూటల మీద కూర్చుని ఉంది. తండ్రి, తల్లి, ఒక ఆడపిల్ల. షోలాపూర్ నుంచి వాడి జంక్షన్ మీదుగా వచ్చిన రైలు దిగారు. వాళ్లూ మగ్గం మనుషులే. వాళ్ల పెద్దలు ఎప్పుడో కరువు కాలంలో కరీంనగర్ దిక్కు నుంచి షోలాపూర్ పోయి, అక్కడే స్థిరపడి, తెలుగులో సగం మరాఠీ కలుపుకున్నారు. ఇప్పుడు అక్కడా కూలి గిట్టక మూటలు కట్టుకుని వెనక్కి వచ్చారు. వెనక్కి అంటే ఎక్కడికో వాళ్లకూ తెలియదు. వాళ్ల దగ్గర ఉన్నవి ఎండిపోయిన జొన్నరొట్టెలు. నంజుకోవడానికి ఉప్పు కూడా అయిపోయింది.

ఆ తల్లి లేచి వచ్చింది. ఏ ఊరు అని అడగలేదు. ఎవరివాళ్లు అని అడగలేదు. “తిన్నవా?” అని అడిగింది. లేదన్నట్టు తల ఊపాడు. ఆమె వంగి, సగం జాడీలో పెంకులేమైనా పడ్డాయేమో చూసింది. పైపైన తీసి పారబోసి, అడుగున శుభ్రంగా ఉన్నది రొట్టె మీద పెట్టి చేతికిచ్చింది. “ఏడ్వకు కొడుకా. నీ తాన పచ్చడి ఉంది, మా తాన రొట్టెలున్నయి. కూసో” అంది. నలుగురూ చుట్టూ కూర్చుని తిన్నారు. ఆవకాయ అంటే ఎరగని ఆ షోలాపూర్ ఆయన మొదటి ముద్దకే చెంబెడు నీళ్లు తాగాడట. ఆ ఆడపిల్ల మాత్రం కళ్లలోంచి నీళ్లు కారుతున్నా ఇంకొంచెం పెట్టమందట. రెండో రొట్టె తింటున్నప్పుడు గాని ఆ తల్లి, మీది ఏ ఊరు బిడ్డా అని అడగలేదు.

ఆ పొద్దు వాళ్లంతా కలిసే స్టేషన్ బయటికి వచ్చారు. కలిసే ఒక గది కిరాయికి వెతుక్కున్నారు. కొన్నేళ్లకు ఆ ఆడపిల్లనే ఆయనకిచ్చి పెళ్లి చేశారు. “జాడీ సంభాళించుకోనోడికి పిల్లనిస్తివి” అని ఆ షోలాపూర్ ఆయన భార్యను ఆటపట్టిస్తూనే కన్నుమూశాడట. పగిలిన జాడీని పారేయడానికి ఎవరికీ మనసొప్పలేదు. పెళ్లయ్యాక ఆ కొత్త పెళ్లికూతురే అందులో మట్టి పోసి పుదీనా నాటింది.

“గా పుదీనానా?” అన్నాను.

“ఔ. గా పుదీనానే. రోజూ నువ్వు దాటుకుంట పోయేది.”

తాతయ్య టిఫిన్ డబ్బా విప్పాడు. ఊరికి పోతూ పులిహోర తెచ్చుంటాడనుకున్నాను. జొన్నరొట్టెలు, మీద కొత్త ఆవకాయ. ఏటా జాడీ విప్పిన రోజున మొదటి ముద్ద ఇక్కడికి వచ్చి తినడం వాళ్ల నాన్న పెట్టిన ఆచారమట. ఆయన పోయాక తాతయ్య ఒక్కడే ప్లాట్‌ఫారం టికెట్టు కొనుక్కుని వస్తున్నాడు. రైళ్లు చూసి రావడానికి పోతాడని ఇంట్లో అనుకునేవాళ్లం. అమ్మకు మాత్రం తెలుసు, ఎందుకంటే రొట్టెలు చేసేది ఆవిడే.

తింటూ అడిగాను. అయితే మనది బందరా, షోలాపూరా, కరీంనగరా? ఏదో ఒకటి ఖాయం చేయమని నా పట్టు. ఎదురింటి పిల్లకు చెప్పుకోవాలి కదా. తాతయ్య చేతిలోని ముద్ద డబ్బాలో పెట్టాడు.

“మా నాయినది బందరే. నన్ను గన్న మా అవ్వది షోలాపూరే. అబద్ధమెందుకు? ఇద్దరూ చచ్చేదాక గా ఊర్లను తలుసుకున్నరు. గని బిడ్డా, మా నాయిన గాడనే ఉంటె నేను లేను. మా అవ్వ గాడనే ఉంటె నేను లేను. నువ్వు లేవు. మనం షురూ అయింది గీడ, గీ బండల మీద. గందుకే ఊరు చూపిస్తనని గీడికి తెచ్చిన.”

ఆ బండల్ని చేత్తో తడిమి చూశాను. ఎర్ర మరకేమైనా ఉందేమోనని. ఏమీ లేదు, బొగ్గు మసి తప్ప. అయినా ఆ చోటు నుంచి లేవబుద్ధి కాలేదు. నా కోపం ఎప్పుడు దిగిపోయిందో నాకే తెలియదు. ఆ తర్వాత బయటికి వచ్చి మా గల్లీలోకి తిరిగాక, రోజూ చూసే గల్లీయే అయినా, చాలా దూరం నుంచి వచ్చినట్టు అనిపించింది. నిజంగా దూరం నుంచే వచ్చాం కదా అనుకున్నాను. మెట్టు దగ్గర ఆగి, మరచెంబులో మిగిలిన నీళ్లు నేనే పుదీనాకు పోశాను.

ఎదురింటి పిల్ల అరుగు మీదే కాపు కాసి ఉంది. “ఊరికి పోతనంటివి, పొద్దుగూకకముందే వచ్చినవేంది?” అంది. ఏమీ దాచకుండా అంతా చెప్పాను. అది ఊరికే ఒప్పుకునే రకం కాదు. ఊరంటే పొలాలుంటయి, బావులుంటయి అంది. “మా ఊర్ల రైళ్లుంటయి” అన్నాను.  మర్నాడు అది సూర్యాపేట బయల్దేరుతూ, తిరిగొచ్చాక మీ ఊరికి నన్ను తీసుకపో అని అడిగింది. తీసుకుపోయాను కూడా. తాతయ్య మా ఇద్దరికీ టికెట్లు కొన్నాడు, అమ్మ రొట్టెలు చేసింది. వాళ్ల నానమ్మ ఆ రొట్టెల మీదకు మీగడ ఇచ్చింది. ఎటోళ్లో ఏమో అన్న మాట ఆవిడ నోట మళ్లీ రాలేదు.

కొన్నేళ్లకు ప్రత్యేక రాష్ట్రం ఉద్యమం లేచి, నగరంలో అందరూ అందరినీ ఎక్కడివాళ్లని అడిగే రోజులు వచ్చాయి. బళ్లు మూతబడ్డాయి. స్నేహాలు కొన్ని తెగాయి. అడిగేవాళ్ల బాధలో న్యాయం లేకపోలేదు, దాన్ని నేను తక్కువ చేయను. మా తాతయ్యను కూడా ఇంటి ముందే ఎవరో నిలేశారు. “స్టేషన్ దిక్కోళ్లం” అని చెప్పి, వాళ్లను లోపలికి పిలిచి టీ ఇప్పించాడు. నేను తలుపు వెనక నిలబడి విన్నాను. ఆ వయసులో నా తోటివాళ్లు చాలామంది ఏం చెప్పాలో తెలియక తలలు దించుకుంటుంటే, నాకు మాత్రం ఆ ప్రశ్న గుచ్చుకోలేదు. ఎందుకు గుచ్చుకోలేదో ఆరోజే అర్థమైంది. ఒక్క నాటకమాడి, ఒక్క పూట నన్ను ఏడిపించి, ఆయన నాకు జీవితాంతానికి సరిపడా ఊరు ఇచ్చి పోయాడు. పెద్దలు పొలాలిస్తారు, ఇళ్లిస్తారు. మా తాతయ్య ఇచ్చింది నా చేతిలోంచి ఎవరూ తీసుకోలేరు. ఆయనకు నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇప్పుడు నేను హిమాయత్‌నగర్‌లో ఉంటున్నాను, మూడో అంతస్తులో. ఆ సగం జాడీ మా బాల్కనీలో ఉంది. పుదీనా దాని అంతట అదే పెరుగుతుంది, నేను చేసేదేమీ లేదు. కింద కొత్తగా ఎవరైనా కిరాయికి దిగితే, లారీ ఆగిన చప్పుడు విని నేను లేస్తాను. పొయ్యి మీద పెనం పెడతాను. వాళ్లు మంచాలు దించుకుంటుండగానే రొట్టెలు, ఆవకాయ, నాలుగు పుదీనా రెమ్మలు పట్టుకుని మెట్లు దిగుతాను. మోకాళ్లు వద్దంటాయి, వినను. మొన్న ఒరిస్సా నుంచి వచ్చిన కొత్త జంట మూటల మధ్య నిలబడి బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. పక్క వాటాల వాళ్లు వాళ్ల చుట్టూ చేరి మీదే ఊరు, మీదే ఊరు అని అడుగుతున్నారు.

నేను మాత్రం తిన్నారా అని అడుగుతాను. ఊరు సంగతి వాళ్లే చెప్తారు, రెండో రొట్టె దగ్గర.